పాతబస్తీలో కిరాయి యిల్లు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిరి. కిరాయికి ఇల్లు తీసికొని చూడుమని వారు చెప్పలేదు. ఎవరి గుడిసెలో వారుండు పల్లెలలో ఆ మాట అవసరము లేకపోయి యుండును. పట్టణవాసము మొదలైన పిమ్మట సంసారి నేర్పునకు ఇది మూడవ పరీక్ష అయినది. మొదటి రెండింటిలో తప్పినవారు అప్పుల పాలగుదురు. ఈ మూడవదానిలో తప్పినవారు ఒకరికి పైస బాకీ లేకయే వీధిని పడుదురు.

నేటి ప్రసంగములో హైదరాబాదు పాతబస్తీలోని కిరాయి యిండ్లను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి. మూసీకి దక్షిణమున, చార్మినారు చుట్టును, శాలిబండ, గౌలిపురా, లాల్ దర్వాజా, హుస్సేనీ ఆలం, మొగల్‌పురా, యాకుత్‌పురా, దబీర్‌పురా మున్నగు పేటలలో వేల కుటుంబములు ఇతరుల ఇండ్లలో కాపురము చేయుచున్నవి. వీరిలో తెలుగువారు కలరు, ఉర్దూ మాటలాడువారు కలరు, మార్వాడీలు, మరాఠీలు కలరు. భాష ఏదైనను ఇల్లు వెదకుకొను కష్టము ఒక్కటే. అయితే నెలనెలా కిరాయి ఇచ్చుటయే కాక, ఒక్కమొత్తముగా సొమ్మిచ్చి కిరాయి లేక కాపురముండు పద్ధతి యొకటి ఈ బస్తీలో వ్యాప్తిలో నున్నది. దానిని రెహన్ అందురు. ఒక కుటుంబము పదేండ్లు కూడబెట్టినదంతయు ఆ పద్ధతిలో ఒక్క కాగితముపై ఆధారపడి యుండును. అందుచేత దానిని గూర్చి కొంత వివరముగా చెప్పవలసి యున్నది.

ఈ బస్తీలో కిరాయి కాపురములు ఇంత విరివిగా నుండుటకు కారణములు లేకపోలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల ఇండ్లను కూల్చివేసినది. ఆ పిమ్మట 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడినది. ఆ మండలి ఇరుకు పేటలను తొలగించి వీధులు వెడల్పు చేసినది; పత్తర్‌గట్టీలో క్రింద దుకాణములు, మీద నివాసములు గల రాతి కట్టడములను లేపినది; ఇతర పేటలలో సామాన్యుల కొరకు కిరాయి ఇండ్లు కట్టించినది. ఇక పెద్దల దేవిడీల సంగతి వేరు. ఒక్కొక్క దేవిడీలో జనానా, మర్దానా, నౌకర్ల గదులు, గుర్రపుశాల, నడుమ తోట, హౌజు ఉండెడివి. 1949లో జాగీర్దారీ రద్దయినది. రాబడి పోయిన పిమ్మట అంతటి లోగిలిని నిలుపుకొనుట పెక్కు కుటుంబములకు అలవి కాలేదు. దేవిడీలు వారసుల నడుమ వాటాలైనవి, వాటాలు గదులైనవి, గదులు కిరాయి కాపురములైనవి. నేడు ఒకే గుమ్మములోనుండి ఆరు కుటుంబములు రాకపోకలు చేయుట ఇక్కడ వింత కాదు.

ఇల్లు దొరకుట ఎట్లు? గోడపై అంటించిన కాగితము చూచి కొందరు, మసీదు దగ్గరనో గుడి దగ్గరనో తెలిసినవారు చెప్పగా కొందరు సంపాదింతురు. ఎక్కువమంది దలాలును ఆశ్రయింతురు. ఇతనికి బస్తీ అంతయు కరతలామలకము. ఏ గల్లీలో ఏ గది ఖాళీ అయినదో, ఏ యింట నల్లా నీరు ఏ వేళ వచ్చునో, ఏ యజమాని మాంసము వండువారికి ఇల్లియ్యడో, ఏ యజమాని వండనివారికే ఇచ్చునో ఇతనికి తెలియును. కులమతముల ప్రశ్నలు యజమాని నోట రాకమునుపే ఇతని నోట వచ్చును. కుదిర్చినందులకు ఒక నెల కిరాయియో, అందులో సగమో పుచ్చుకొనును. ఇందులో తప్పు లేదు; తిరిగినవాని కాళ్ళకు కూలి ఉండవలసినదే.

కాని దలాలు చేయు పనియేదో, చేయని పనియేదో మనము తెలిసికొనవలెను. అతడు ఇల్లు చూపును, యజమానితో కలుపును, బేరము కుదుర్చును. ఆ ఇల్లు నిజముగా ఆ యజమానిదేనా, దానిపై అప్పున్నదా, వాటాదారులెందరు అను సంగతులు విచారించుట అతని పనిగా అతడెన్నడును తలపడు. "ఫికర్ నక్కో కరో అమ్మా, ఇంటాయన మనకు తెలిసినోడే" అను మాటతో ఆ విచారణ ముగియును. ఇండ్ల వ్యాపారపు ఏజెంట్ల కొరకు 2016లో వచ్చిన కేంద్ర చట్టము క్రొత్త కట్టడములను అమ్మించువారికి ఉద్దేశించినది. పాత ఇంటిలో రెండు గదులు కిరాయికి కుదుర్చు దలాలు దాని క్రిందికి రాడు. కావున అతని తీపిమాట విని ఇల్లు చూడవచ్చును గాని, ఆ మాటపై సొమ్ము చెల్లింపరాదు.

ఇక నెల కిరాయిల సంగతి. మన నగరములో కిరాయినామా పదునొకండు నెలలకే ఏల వ్రాయుదురని కొందరు మమ్ము అడుగుచుందురు. ఏడాదికి మించిన కౌలు రిజిస్టరు దస్తావేజు మూలముననే జరుగవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము చెప్పుచున్నది. ఆ ఖర్చును, ఆ శ్రమను తప్పించుకొనుటకు ఒక నెల తగ్గించి వ్రాయుదురు. నెల కిరాయి కాపురమునకు ఇది చాలవరకు సరిపోవును. అట్టి కాపురము మాన్పింపవలెనన్న ఉభయులలో ఎవరైనను పదునైదు దినముల నోటీసు ఈయవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది, వేరు ఒడంబడిక లేనిచో.

కిరాయిదారును కాపాడుటకు ప్రత్యేకముగా హైదరాబాదు రాష్ట్రములో 1954లో ఒక చట్టము వచ్చినది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట 1960లో రెండు ప్రాంతములకును ఒకే చట్టము చేయబడినది. న్యాయమైన కిరాయి నిర్ణయించుట, చెల్లించిన కిరాయికి రసీదు పొందు హక్కు, చట్టములో చెప్పిన కారణము లేనిదే ఖాళీ చేయింపరాదను నియమము ఇందులో ముఖ్యములు. ఇంటాయన కిరాయి పుచ్చుకొననని మొండికేసినచో ఏమి చేయవలెనో గూడ అందులో నున్నది. ఏ బ్యాంకులో కట్టవలెనో పది దినములలో చెప్పుమని నోటీసు ఈయవలెను. చెప్పనిచో మనియార్డరు పంపవలెను. అదియు తిప్పి పంపినచో రెంట్ కంట్రోలరు ఎదుట డిపాజిటు చేయవలెను. కిరాయి పుచ్చుకొనక, తరువాత కిరాయి ఇయ్యలేదని దావా వేయు ఎత్తుకు ఇది విరుగుడు.

ఒక నెల కిరాయికి మించి అడ్వాన్సు పుచ్చుకొనరాదని గూడ ఆ చట్టము చెప్పినది. గూడూరులోని మాడరన్ హోటలు వ్యాజ్యములో ఈ సంగతి సుప్రీంకోర్టు వరకు పోయినది. చట్టము ఒప్పినదానికి మించిన అడ్వాన్సు యజమాని చేతిలో నుండగా, కిరాయిదారు బుద్ధిపూర్వకముగా బాకీ పడెననుట చెల్లదని 1989లో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పినది.

అయితే ఈ చట్టము తమను కాపాడునని నేటి కిరాయిదారులు నిశ్చింతగా నుండుటకు వీలులేదు. 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన ఇండ్లకు ఇది వర్తింపదని మొదట నుండెను. కాలపరిమితి లేని ఆ మినహాయింపు సమానత్వమునకు విరుద్ధమని 1983లో సుప్రీంకోర్టు కొట్టివేసినది. తరువాత మరల మినహాయింపులు వచ్చినవి. 2005 నాటి సవరణతో, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలకు మించిన కిరాయి గల ఇండ్లును, కట్టి పదునైదేండ్లు నిండని ఇండ్లును ఆ చట్టపు నీడ నుండి తొలగినవి. నేడు ఆ మొత్తమునకు లోబడి రెండు గదులు దొరకుట అరుదు. కావున చాలమంది కిరాయిదారులకు మిగిలినవి 1882 నాటి చట్టము, సివిలు కోర్టు, తమ చేతిలోని కాగితము, ఈ మూడే.

ఇప్పుడు రెహన్ సంగతికి వత్తము. ఇది అరబ్బీ మాట. తాకట్టు అని అర్థము. మన పల్లెలలో పొలమును స్వాధీన తాకట్టు పెట్టి, అప్పిచ్చినవాడు పంటను అనుభవించుట కలదు గదా, ఇదియు అట్టిదే. లెక్క ఎట్లుండునో ఒక ఉదాహరణముతో చూతము. ఒక ఇంటికి నెల కిరాయి ఆరువేలు అనుకొందము. కాపురమునకు వచ్చువారు యజమానికి ఐదు లక్షలు ఒక్కమారుగా ఇత్తురు. కిరాయి లేదు, వడ్డీ లేదు. గడువు తీరిన పిమ్మట ఇల్లు ఖాళీ చేసి ఐదు లక్షలు తిరిగి పుచ్చుకొందురు. కాపురమున్నవారికి ఏడాదికి డెబ్బదిరెండు వేల కిరాయి మిగిలినది; అనగా సొమ్ముపై నూటికి పదునాలుగు రూపాయలకు పైగా గిట్టినది. ఏ బ్యాంకు డిపాజిటును అంత ఈయదు. యజమాని మాట చూతము. అతడు ఆ ఐదు లక్షలను వ్యాపారి వద్ద నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చియుండినచో నెలకు పదివేలు కట్టవలసి యుండెను. ఇచట ఆరువేల కిరాయి వదలుకొనుటతో సరిపోయినది. ఇద్దరికిని లాభమే. ఈ పద్ధతి ఇంతకాలము నిలుచుటకు ఇదియే కారణము. దీనిని మోసమని కొట్టివేయుట తగదు.

చిక్కు వేరొక చోట నున్నది. ఆ ఐదు లక్షలు యజమాని పెట్టెలో నిలువ యుండవు. కూతురు పెండ్లికో, కొడుకును గల్ఫుకు పంపుటకో, మీద అంతస్తు వేయుటకో అవి వెంటనే ఖర్చగును. గడువు తీరునాటికి తిరిగి ఇయ్యవలెనన్న మరియొక రెహన్‌దారు రావలెను. అతని సొమ్ము తెచ్చి ఇతనికి తీర్చవలెను. ఈ గొలుసులో క్రొత్తవాడు వచ్చుచున్నంత కాలము ఎవరికిని బాధ లేదు. ఏదో ఒక యేడు క్రొత్తవాడు రానిచో, లేదా వచ్చినవాడు నాలుగు లక్షలే ఇత్తుననినచో, గొలుసు తెగును. అంతలో యజమాని కాలము చేయవచ్చును. వారసులు వచ్చి, మీరు సొమ్మిచ్చిన సంగతి మాకు తెలియదనవచ్చును. ఇల్లు అమ్ముడుపోవచ్చును. అంతకుముందే ఆ ఇల్లు బ్యాంకులో కుదువబడి యుండవచ్చును. బాకీ తీరనిచో బ్యాంకు 2002 నాటి చట్టము క్రింద దావా వేయకయే ఇంటిని స్వాధీనము చేసికొని వేలము వేయగలదు. వేలము నోటీసు తలుపునకు అంటించిన దినము వరకు లోపలివారికి ఆ అప్పు సంగతియే తెలియకుండుట అసంభవము కాదు.

ఆ సొమ్ము ఎట్టిదో ఆలోచింపుడు. అందులో కొంత ఇంటి యజమానురాలి మెడలోనుండి దిగినది, కొంత బయటి దేశమున పనిచేయు కొడుకు పంపినది, కొంత తండ్రి పదవీ విరమణ నాడు వచ్చినది. అది పోయినచో వేరొక యిల్లు తీసికొనుటకు గూడ శక్తి యుండదు.

చట్టము ఇందులో రెహన్‌దారుకు మంచి రక్ష ఏర్పరచినది. ఆస్తి బదిలీ చట్టము ప్రకారము ఇది స్వాధీన తనఖా. సొమ్ము చేరువరకు ఇంటిని తన స్వాధీనములో నుంచుకొను హక్కు రెహన్‌దారుకు కలదు. ఆ తనఖా మూలముగా ఆస్తిపై గల సొమ్ము కొరకు దావా వేయుటకు పండ్రెండేండ్ల గడువు కలదు. కాని నూరు రూపాయలు, అంతకు పైబడిన ఇట్టి తనఖా ఏదైనను ఇద్దరు సాక్షుల సంతకములతో, రిజిస్టరు దస్తావేజుగానే జరుగవలెను. నూరు రూపాయలకే ఈ నియమముండగా మన వారు ఐదు లక్షలు ఇచ్చుచోట స్టాంపు కాగితముపై వ్రాయించి, నోటరీ ముద్ర వేయించి తృప్తిపడుచున్నారు. నోటరీ ముద్ర రిజిస్ట్రేషను కాదు. సంతకము పెట్టినవాడు ఫలానా యని మాత్రమే అది చెప్పును. అట్టి కాగితము ఇంటిపై హక్కు ఈయదు. యజమానిపై ఉత్త బాకీగా మిగులును. బాకీ దావాకు సాధారణముగా మూడేండ్లే గడువు. ఇల్లు పోయినవాని వద్ద బాకీ రాబట్టుట ఎట్టిదో మేము చెప్పనక్కరలేదు.

ఇది మన బస్తీకి మాత్రమే వచ్చిన చిక్కు కాదు. దక్షిణ కొరియాలో జొన్సే అను పద్ధతి కలదు. ఇంటి విలువలో పెద్ద భాగమును ఒక్కమారు యజమానికిచ్చి, నెల కిరాయి లేక కాపురముండి, పోవునాడు సొమ్ము తిరిగి పుచ్చుకొందురు. సముద్రముల కావల పుట్టిన మన రెహన్ అనవచ్చును. అక్కడ 1981లోనే ఇంటి కౌళ్ళ రక్షణకు చట్టము చేసిరి. కిరాయినామాపై తమ పేట కార్యాలయములో తేదీ ముద్ర వేయించుకొని, ఆ యింట కాపురమున్నట్లు నమోదు చేయించుకొన్నవారికి, ఇల్లు వేలమైనచో తరువాత వచ్చిన ఋణదాతల కంటె ముందు సొమ్ము చెందును. అట్టి కట్టుబాటు ఉన్న దేశములోనే ఇండ్ల ధరలు పడిపోయినప్పుడు గొలుసు తెగి, మోసములు బయటపడి, వేలమంది యువతీయువకులు సొమ్ము పోగొట్టుకొనిరి. 2023లో వారి కొరకు ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చినది. తేదీ ముద్ర గూడ లేని మన కాగితముల గతి ఏమగునో దీనినిబట్టి ఊహింపవచ్చును.

అట్లయిన సొమ్మిచ్చుటకు ముందు చేయవలసినదేమి? మొదట, ఇల్లు ఎవరిదో చూడవలెను. బల్దియా పన్ను రసీదు, కరెంటు బిల్లు, నల్లా బిల్లు ఎవరి పేరున నున్నవో చూచుటకు గడియ సేపు పట్టదు. తరువాత అసలు దస్తావేజు చూపుమని అడుగవలెను. నకలు మాత్రమే చూపినచో అసలు ఎచట నున్నదని నిస్సంకోచముగా అడుగవలెను. అది ఏ బ్యాంకులోనో ఉండవచ్చును. పిమ్మట సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునుండి ఋణభార పత్రము, అనగా మనము ఈసీ అనునది, తీసికొనవలెను.

పాతబస్తీలో ఈసీ ఒక్కటియే చాలదు. ఇక్కడ పెక్కు ఇండ్లు మత్రూకాలు, అనగా మరణించినవారి వారసుల నడుమ పంపకము కాని ఆస్తులు. ఒక అన్న సంతకము చేసినంత మాత్రమున చెల్లెండ్ర వాటాలు కట్టుబడవు. ముస్లిము ధర్మశాస్త్రము ప్రకారము నోటిమాటతో చేసి, స్వాధీనపరచిన దానము, హిబా, చెల్లును. దానిని కాగితముపై వ్రాసికొన్నంత మాత్రమున రిజిస్టరు చేయనక్కర లేదని 2011లో సుప్రీంకోర్టు గూడ చెప్పినది. ఆ దానము ఈసీలో కనబడదు. నోటరీ కాగితముపైనే చేతులు మారిన ఇండ్లు గూడ ఇచట కలవు. వాని సంగతియు అందులో కనబడదు. కావున ఇరుగుపొరుగు పెద్దలను అడిగి వారసులెందరో తెలిసికొని, అందరి సంతకములును దస్తావేజుపై ఉండునట్లు చూడవలెను. ఈ విషయములో ఎదురింటి ముసలమ్మకు తెలిసినంత ఏ కార్యాలయమునకును తెలియదు.

సొమ్ము నగదుగా ఇయ్యరాదు. బ్యాంకు ద్వారమునో, ఫోను ద్వారమునో పంపినచో తేదీ, మొత్తము, పేరు చెరుగక నిలుచును. ఇరువది వేలు, అంతకు పైబడిన అప్పును నగదుగా పుచ్చుకొనుటకు ఆదాయపు పన్ను చట్టము గూడ ఒప్పదు. రిజిస్టరు దస్తావేజులో గడువు, సొమ్ము తిరిగి చెల్లించు తేదీ, ఆలస్యమైనచో ఏమి జరుగవలెను అనునవి వ్రాయించవలెను. సొమ్ములో ఇల్లాలి నగలున్నచో ఆమె పేరును అందులో చేర్చవలెను. ఖాళీ చేయునాడు ఒక చేత తాళపుచెవి ఇచ్చుచు ఇంకొక చేత సొమ్ము పుచ్చుకొనవలెను. వచ్చే నెల ఇత్తునన్న మాటపై తాళపుచెవి వదలినవాడు చట్టము తనకిచ్చిన పట్టును తానే వదలుకొన్నవాడగును.

ఖర్చగునని కొందరందురు. నిజమే, స్టాంపునకు, రిజిస్ట్రేషనుకు, వకీలుకు కొంత పోవును. దానిని ఐదు లక్షల ప్రక్కన పెట్టి చూడవలెను. వకీలు ఖర్చు భరింపలేనివారికి న్యాయసేవాధికార సంస్థలు కలవు. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదు. తగవు కోర్టుకెక్కక ముందే లోక్ అదాలతు ఎదుట పరిష్కరించుకొను వీలును ఆ చట్టమే కల్పించినది.

యజమానుల పక్షమునను ఒక మాట చెప్పుట న్యాయము. కిరాయిదారుడు గోడకు మేకు కొట్టినచో యజమాని గుండెలో కొట్టినట్లుండునని నవ్వులాటకు అందురు గాని, అతని భయము పూర్తిగా నవ్వదగినది కాదు. ఖాళీ చేయింప జూచి ఏండ్ల తరబడి కోర్టు మెట్లెక్కినవారి కథలు విని, ఇల్లు తాళమువేసి యుంచినవారు కలరు. 2021లో కేంద్రము ఒక నమూనా కౌలు చట్టమును ఆమోదించినది. నివాసపు ఇంటికి అడ్వాన్సు రెండు నెలల కిరాయికి మించరాదని, ఒడంబడిక వ్రాతమూలముననే యుండి అధికారి వద్ద నమోదు కావలెనని, గడువు మించి కదలని కిరాయిదారు రెట్టింపు, తరువాత నాలుగు రెట్లు కిరాయి చెల్లింపవలెనని అందులో నున్నది. రాష్ట్రములు తమ తమ చట్టములు చేసిననే అది అమలులోనికి వచ్చును. అంతవరకు ఉభయులును స్పష్టముగా వ్రాసికొన్న కాగితమే ఉభయులకును దిక్కు. అది కిరాయిదారును ఎట్లు కాపాడునో యజమానిని గూడ అట్లే కాపాడును.

పాతబస్తీలో మాటకు విలువ ఎక్కువ. జబాన్ ఇచ్చితిని, ఇక కాగితమెందులకు అని పెద్దమనుష్యులు నొచ్చుకొందురు. ఆ మాట ఇచ్చినవారు సాధారణముగా దానిని నిలుపుకొనువారే. కాని వారు లేనినాడు ఆ మాటను నిలుపవలసినవారు వారి కుమారులు, అల్లుండ్రు, బ్యాంకు గుమాస్తాలు. ఆ జబాన్ వీరు విన్నది కాదు.

రెహన్ ఇంట కాపురమున్నవారు ఈ పుట చదివిన పిమ్మట తమ కాగితమును ఒక్కమారు బయటికి తీసి చూడవలెనని మా మనవి. దానిపై సబ్ రిజిస్ట్రారు సంఖ్య యున్నదా? అసలు దస్తావేజు మీరు కన్నులార చూచితిరా? వారసులందరి సంతకములు కలవా? సొమ్ము తిరిగి వచ్చు తేదీ వ్రాసి యున్నదా? ఈ నాలుగింటిలో ఏది లోపించినను, ఇంటివారితో నవ్వుచు మాటలాడుకొనుచున్న ఈ దినములలోనే సరిచేయించుకొనుట సులభము. గడువు దగ్గరపడిన పిమ్మట అడిగినచో అది అనుమానముగా వినబడును.